ఏ డ్రైవర్ ముందు లేవాలి?

(విజయవాడలో ఇంజనీరింగ్ విద్యార్థులకు, బోర్డులు తయారుచేసే చిన్న సంస్థల వాళ్ళకు ఇచ్చిన ప్రసంగం. లైనక్స్ బోర్డు బూట్ అయ్యేటప్పుడు డ్రైవర్లు, అంటే ఒక్కో చిప్పును నడిపే సాఫ్ట్‌వేర్ ముక్కలు, ఏ వరసలో లేవాలన్నదే విషయం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? సరే. ఫ్యాన్ల చప్పుడు ఉంది కాబట్టి కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

ఒక బోర్డుతో మొదలుపెడదాం. మీలో చాలామందికి కైకలూరు వైపో భీమవరం వైపో చుట్టాలు ఉంటారు, రొయ్యల చెరువులు చూసే ఉంటారు. చెరువు నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ బాగా పడిపోయేది ఎప్పుడు? తెల్లవారుజామున. రాత్రంతా ఎండ ఉండదు, నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా అదీ పీల్చుకుంటుంది. ఆ సమయంలో ఏరేటర్లు తిరిగి తీరాలి. ఇప్పుడు ఆ ఏరేటర్లను నడిపే లైనక్స్ బోర్డు ఒకటి ఊహించుకోండి. ప్రాసెసర్ ఉంది. దానికీ మిగతా చిప్పులకీ కరెంటు పంచే పీమిక్ ఉంది. చిప్పులు మాట్లాడుకునే ఐ టూ సీ బస్సు మీద జీపీఐవో ఎక్స్‌పాండర్ ఉంది, అంటే ప్రాసెసర్‌కు అదనపు పిన్నులు ఇచ్చే చిప్పు. దాని పిన్నులకు ఏరేటర్లను ఆన్-ఆఫ్ చేసే రిలేలు ఉన్నాయి. ఒక టచ్ స్క్రీన్ ఉంది. ఆ టచ్ చిప్పు ప్రాసెసర్‌ను పిలిచే ఇంటరప్ట్ లైన్ కూడా అదే ఎక్స్‌పాండర్‌కు వెళుతుంది. ప్రాసెసర్‌లో పిన్నులు సరిపోలేదు, అందుకని అలా కలిపారు. మామూలే కదా?

తెల్లవారుజామున 3 గంటలకు కరెంటు పోయింది, మళ్ళీ వచ్చింది. బోర్డు బూట్ అయింది. ఎప్పుడూ బాగానే లేస్తుంది. ఆ రోజు మాత్రం రిలేల డ్రైవర్ రాలేదు. పొద్దున్నే వచ్చి రీబూట్ చేస్తే శుభ్రంగా పనిచేస్తుంది. అప్పుడు ఏమంటారు? సాల్డరింగ్ సరిగా లేదేమో అంటారు. అడాప్టర్ మారుస్తారు. బోర్డు మారుస్తారు. బోర్డులో ఏ తప్పూ లేదు. ఎక్స్‌పాండర్ డ్రైవర్ సిద్ధం కాకముందే రిలే డ్రైవర్ వచ్చి అడిగింది, అంతే. దీన్ని ఇనిషియలైజేషన్ ఆర్డర్ సమస్య అంటాం. ఈరోజు దాని గురించే. ఇలాంటి బగ్‌ను మొదటిరోజే పట్టుకోవచ్చు, చెరువు గట్టు దాకా పోనివ్వక్కర్లేదు అని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు కెర్నెల్, అంటే లైనక్స్ గుండెకాయ, ఏం చేస్తుందో చూద్దాం. కెర్నెల్‌లోనే కలిపి కట్టిన డ్రైవర్లకు ఇనిట్‌కాల్స్ అని, బూట్‌లో వాటిని మొదలుపెట్టే పిలుపులు ఉంటాయి. వాటికి సున్నా నుంచి ఏడు వరకు 8 స్థాయిలు. ప్యూర్, కోర్, పోస్ట్‌కోర్, ఆర్చ్, సబ్‌సిస్, ఎఫ్‌ఎస్, డివైస్, లేట్. మీరు డ్రైవర్ చివర మాడ్యూల్ ఇనిట్ అని రాస్తారు కదా, దాన్ని కెర్నెల్‌లో కలిపి కడితే అది డివైస్ స్థాయికి, అంటే ఆరుకు వెళుతుంది. దాదాపు అన్ని డ్రైవర్లూ అక్కడే ఉంటాయి. మరి ఒకే స్థాయిలో ఉన్నవాటి మధ్య ఏది ముందు? చెప్పండి. ...లేదమ్మా, అక్షరక్రమం కాదు. ముక్కలన్నీ కలిపి ఒకే కెర్నెల్‌గా కట్టే లింకర్ వాటిని ఏ వరసలో పేర్చిందో ఆ వరస. లింకర్‌కు ఆ వరస ఎక్కడిది? మేక్‌ఫైల్‌లో, అంటే ఏమేం కట్టాలో రాసిన ఫైల్లో, ఏ లైను ముందుంటే అది. డ్రైవర్ల డైరెక్టరీలో ఉన్న మేక్‌ఫైల్‌ను ఈ రాత్రికి ఒకసారి తెరిచి చూడండి. జీపీఐవో అనేది పిన్నులకు పని కేటాయించే పిన్‌కంట్రోల్ తరవాతే రావాలి, చిప్పులకు వోల్టేజీ ఇచ్చే రెగ్యులేటర్లు ముందుగా రావాలి అని అక్కడ కామెంట్లు ఉంటాయి. ఒక మేక్‌ఫైల్‌లో లైన్ల వరస మీద బోర్డు బతుకు ఆధారపడింది! ఎవరైనా శుభ్రం చేద్దామని ఆ లైన్లను అక్షరక్రమంలో పెట్టారనుకోండి, ఏమవుతుంది?

ఇక్కడ చాలామంది చేసే మొదటి పని, స్థాయి మార్చడం. నా డ్రైవర్ ముందు లేస్తోంది కదా, లేట్ ఇనిట్‌కాల్ పెట్టేద్దాం. లేదా ఎక్స్‌పాండర్‌ను సబ్‌సిస్‌కు ఎక్కిద్దాం. పాత ఐ టూ సీ కంట్రోలర్ డ్రైవర్లు కొన్నిటిలో సబ్‌సిస్ ఇనిట్‌కాల్ ఇప్పటికీ కనబడుతుంది, అదే కారణం. పీమిక్ ఆ బస్సు మీద ఉంటుంది కాబట్టి బస్సును ముందుకు జరిపారు. ఆ రోజుల్లో వేరే దారి లేదు, వాళ్ళను తప్పుపట్టను. కానీ ఇవాళ కొత్తగా రాసే డ్రైవర్‌లో మీరు ఇది చెయ్యకండి. ఎందుకో చెబుతాను. మీ బోర్డులో ఎక్స్‌పాండర్ ముందు రావాలి. ఇంకొకరి బోర్డులో అదే ఎక్స్‌పాండర్‌కు కరెంటు ఇచ్చే రెగ్యులేటర్‌ను ఆన్ చేసే పిన్ను వేరే ఎక్స్‌పాండర్ మీద ఉంది. ఒకే డ్రైవర్, రెండు బోర్డులు, రెండు వేరువేరు వరసలు. ఏ నంబరు ఇస్తారు? ఇంకోటి కూడా ఉంది. అదే డ్రైవర్‌ను మాడ్యూల్‌గా, అంటే కెర్నెల్‌కు విడిగా ఎక్కించే ఫైలుగా, కడితే ఈ స్థాయిలన్నీ మాయం. సబ్‌సిస్ అని రాసినా, లేట్ అని రాసినా, మాడ్యూల్‌లో అవన్నీ మాడ్యూల్ ఇనిట్‌గానే మారిపోతాయి. మీరు కష్టపడి పెట్టిన నంబరుకు అక్కడ విలువే లేదు.

రెండో పని ఇంకా ప్రమాదం. ప్రోబ్ ఫంక్షన్‌లో, అంటే డ్రైవర్ తన చిప్పును మొదట పలకరించి సిద్ధం చేసే చోట, ఎమ్‌స్లీప్ అనే నిద్రపుచ్చే పిలుపు పెట్టడం. ఎక్స్‌పాండర్ వచ్చేదాకా కాసేపు ఆగుదాం అని. ఆగండి, మీరు నిద్రపోతున్నది ఎవరి థ్రెడ్‌లో? అసింక్రనస్ ప్రోబింగ్, అంటే పక్కన విడిగా ప్రోబ్ చెయ్యమని, అడగకపోతే, ఇనిట్‌కాల్స్ అన్నీ ఒకే థ్రెడ్‌లో ఒకదాని తరవాత ఒకటి నడుస్తాయి. మీరు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో ఆ డ్రైవర్ మీ వెనకే నిలబడి ఉంది. మీరు కదిలితే గాని అది రాదు. మీరు 5 సెకన్లు నిద్రపోతే అదీ 5 సెకన్లు ఆగుతుంది. అర్థమైందా? ఇది రాసుకోండి. మీరు పడుకుంటే, మీకు కావలసింది కూడా పడుకుంటుంది.

మరి ఏం చెయ్యాలి? ఇది మన ప్రాంతం వాళ్ళకు సులువుగా అర్థమవుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర బందరు కాలువకు నీళ్ళు వదులుతారు. శివారు పొలానికి నీళ్ళు ఏ రోజు చేరతాయో క్యాలెండర్ చెప్పలేదు. నాట్లకు ఫలానా తేదీ అని గోడ మీద రాసుకుని, ఆ రోజు కూలీలను పిలిచేసిన రైతు ఇబ్బంది పడతాడు. కాలువ చూసొచ్చి, ఇంకా రాలేదు, వచ్చాక కబురు పెట్టండి అన్న రైతుకు ఇబ్బంది లేదు. ఇనిట్‌కాల్ స్థాయి అంటే గోడ మీది తేదీ. డిఫర్డ్ ప్రోబ్ అంటే కాలువ చూసి రావడం.

ఈ డిఫర్డ్ ప్రోబ్ 2012లో, 3.4 కెర్నెల్‌తో వచ్చింది. ఆలోచన చాలా చిన్నది. మీ ప్రోబ్ ఫంక్షన్ తనకు కావలసినవి అడుగుతుంది. క్లాక్ కావాలి, రెగ్యులేటర్ కావాలి, జీపీఐవో కావాలి. వాటిని ఇచ్చే డ్రైవర్ ఇంకా రాకపోతే ఈ-ప్రోబ్-డిఫర్ అనే ఎర్రర్ వస్తుంది. దాని నంబరు 517. మీరు చెయ్యాల్సిందల్లా దాన్ని అలాగే పైకి తిరిగి ఇవ్వడం. డ్రైవర్ కోర్ ఆ డివైస్‌ను ఒక పెండింగ్ జాబితాలో పెడుతుంది. ఆ తరవాత ఏ డ్రైవర్ విజయవంతంగా ప్రోబ్ అయినా, పెండింగ్‌లో ఉన్నవాటన్నిటినీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఎవరికి ఎవరు కావాలో దానికి తెలియదు, తెలియక్కర్లేదు. ఎవరో ఒకరు లేచారు కదా, మిగతావాళ్ళను మళ్ళీ అడిగి చూద్దాం, అంతే.

వినడానికి చాలా సులువుగా ఉంది కదూ? కానీ నేను చూసిన డ్రైవర్లలో ఎక్కువ తప్పులు ఇక్కడే. కాస్త నెమ్మదిగా చెబుతాను.

మొదటిది, ఎర్రర్‌ను మింగేయడం. క్లాక్ ఐచ్ఛికం, ఉంటే వాడతాం, లేకపోతే లేదు. అందుకని ఏ ఎర్రర్ వచ్చినా క్లాక్ నల్, అంటే లేదు, అనుకుని ముందుకు పోతారు. ఆ ఎర్రర్ 517 అయితే? క్లాక్ లేదని కాదు దాని అర్థం, ఇంకా రాలేదని. రెండూ ఒకటేనా? క్లాక్ లేకుండానే చిప్పు నడుస్తుంది, ఒక్కోరోజు నడుస్తుంది, ఒక్కోరోజు నడవదు. అందుకే ఆప్షనల్ అని పేరు చివర ఉన్న ఫంక్షన్లు ఇచ్చారు. క్లాక్, జీపీఐవోల విషయంలో, నిజంగా లేకపోతే అవి నల్ ఇస్తాయి, ఇంకా రాకపోతే 517 ఇస్తాయి. అవే వాడండి.

రెండోది, సగం పని చేసి తరవాత అడగడం. రీసెట్ లైను లాగి, చిప్పును మేల్కొలిపి, ఫర్మ్‌వేర్ ఎక్కించి, ఆ తరవాత రెగ్యులేటర్ అడుగుతారు. అది లేదంటుంది. డ్రైవర్ వెనక్కి వస్తుంది. మళ్ళీ ప్రోబ్, మళ్ళీ రీసెట్, మళ్ళీ ఫర్మ్‌వేర్. ఒక బూట్‌లో ఇది చాలాసార్లు జరగొచ్చు. కాబట్టి కావలసినవన్నీ ముందు అడగండి, అన్నీ చేతికి వచ్చాకే హార్డ్‌వేర్‌ను ముట్టుకోండి. డెవ్‌ఎమ్ ఫంక్షన్లు వాడితే, వెనక్కి వచ్చేటప్పుడు తీసుకున్నవి వాటంతట అవే వదిలేయబడతాయి.

మూడోది అన్నిటికంటే చెడ్డది. పిల్ల డివైసులను రిజిస్టర్ చేసిన తరవాత 517 ఇవ్వడం. ఒక ఎమ్‌ఎఫ్‌డీ డ్రైవర్, అంటే ఒకే చిప్పులో చాలా పనులున్నదాన్ని నడిపేది, అనుకోండి. అది లోపల పిల్ల డివైస్‌ను పుట్టించింది. ఆ పిల్ల ప్రోబ్ అయింది, విజయం. విజయం అంటే ఏమిటి? పెండింగ్‌లో ఉన్నవాళ్ళందరినీ మళ్ళీ అడగాలి. ఈలోగా తల్లి డ్రైవర్ ఇంకేదో దొరకక 517 ఇచ్చి పెండింగ్‌లోకి వెళ్ళింది, పోతూ పిల్లను తీసేసింది. మళ్ళీ ప్రయత్నం. మళ్ళీ పిల్ల పుట్టింది, మళ్ళీ విజయం, మళ్ళీ వాయిదా. ఇది ఆగుతుందా? ఆగదు. కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే దీన్ని స్పష్టంగా వద్దని రాశారు. పిల్లను తీసేసినా సరే, ఒకసారి పుట్టించాక 517 ఇవ్వకూడదు.

లాగ్ సంగతి ఒక మాట. ప్రతి వాయిదాకూ ఎర్రర్ అని ప్రింట్ చేస్తే బూట్ లాగ్ నిండిపోతుంది, అసలు ఎర్రర్ అందులో మునిగిపోతుంది. 2020లో 5.9 కెర్నెల్‌లో డెవ్ ఎర్ ప్రోబ్ అనే ఫంక్షన్ వచ్చింది. అది 517 అయితే గట్టిగా అరవదు, కారణాన్ని మాత్రం రాసి పెడుతుంది. ఎక్కడ? కెర్నెల్ లోపలి సంగతులు చూపే డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో డివైసెస్ డిఫర్డ్ అనే ఫైలు ఉంటుంది. బూట్ అంతా అయ్యాక ఆ ఫైలు చదవండి. ఇంకా ఎవరు ఎదురుచూస్తున్నారో, దేని కోసమో అందులో ఉంటుంది. మన చెరువు బోర్డు కథలో అర్ధగంటలో తేలాల్సిన విషయం ఇది. అడాప్టర్లు మార్చక్కర్లేదు.

వరస కాదు, ఆధారం రాయండి

డిఫర్డ్ ప్రోబ్ పనిచేస్తుంది, కానీ గుడ్డిగా పనిచేస్తుంది. పైగా ఆలస్యం. ఆరో స్థాయిలో వాయిదా పడినవాళ్ళకు రెండో అవకాశం లేట్ ఇనిట్‌కాల్ దగ్గర గాని రాదు. స్క్రీన్ వెంటనే వెలగాల్సిన బోర్డులో అది కనబడుతుంది. ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో కెర్నెల్‌కు ముందే తెలిస్తే? తెలుసు! డివైస్ ట్రీలో, అంటే బోర్డులో ఏ చిప్పు దేనికి కలిసిందో చెప్పే వివరణలో, మీరే రాశారు. టచ్ నోడ్‌లో ఇంటరప్ట్ పేరెంట్ అని ఎక్స్‌పాండర్‌ను చూపించారు. సప్లై అని పీమిక్‌లోని రెగ్యులేటర్‌ను చూపించారు. సమాచారం అంతా అక్కడే ఉంది, ఎవరూ చదవలేదు, అంతే.

చదివించింది కెర్నెల్‌లోని ఎఫ్‌డబ్ల్యూ డెవ్‌లింక్ అనే భాగం. దానికి పునాది డివైస్ లింక్స్, రఫాయెల్ వైసాకీ పని, 2017లో 4.10 కెర్నెల్‌తో వచ్చింది. ఇచ్చేవాడు సప్లయర్, తీసుకునేవాడు కన్స్యూమర్. ఇద్దరి మధ్య లింకు ఉంటే సప్లయర్ ప్రోబ్ అయ్యేదాకా కన్స్యూమర్ ప్రోబ్‌ను పిలవనే పిలవరు. డివైస్ ట్రీ చదివి ఆ లింకులను తనంతట తానే వేసే పని సరవణ కణ్ణన్ చేశారు. 2021లో 5.13 నుంచి అది మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. సస్పెండ్‌లో కూడా ఈ లింకులే కాపాడతాయి. పడుకునేటప్పుడు తీసుకునేవాడు ముందు పడుకోవాలి, ఇచ్చేవాడు తరవాత. లేచేటప్పుడు దానికి తిరుగు. ఇది మనం మర్చిపోతుంటాం, వరస అంటే బూట్ ఒక్కటే అనుకుంటాం.

దీనికీ రెండు చిక్కులు ఉన్నాయి. డివైస్ ట్రీలో సప్లయర్‌ను చూపించారు, దాని డ్రైవర్‌ను కెర్నెల్ కాన్ఫిగ్‌లో పెట్టలేదు. అప్పుడు మీ డివైస్ ఎదురుచూస్తూనే ఉండిపోవచ్చు, మీ ప్రోబ్ ఒక్కసారి కూడా నడవకపోవచ్చు. అలాంటప్పుడు మీరు ప్రోబ్‌లో ఎన్ని ప్రింట్లు పెట్టినా ఒక్కటీ రాదు! డివైసుల వివరాలను ఫైళ్ళుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆ డివైస్ కింద వెయిటింగ్ ఫర్ సప్లయర్ అనే ఫైలు ఉంటుంది, అది చూడండి. రెండో చిక్కు చక్రం. వీడికి వాడు కావాలి, వాడికి వీడు. ఎఫ్‌డబ్ల్యూ డెవ్‌లింక్ చక్రాన్ని కనిపెట్టి ఆ లింకులను వదులు చేస్తుంది, ఇద్దరినీ ప్రోబ్ కానిస్తుంది. అక్కడ మాత్రం మళ్ళీ డిఫర్డ్ ప్రోబే దిక్కు. కాబట్టి డెవ్‌లింక్ ఉంది కదా అని 517ను పట్టించుకోని డ్రైవర్ రాయకండి.

నంబర్లను నమ్మకండి

ఇప్పుడు అసలు భయపెట్టే సంగతి చెబుతాను. డ్రైవర్లన్నీ వచ్చాయి, ఏదీ వాయిదాలో లేదు. అయినా తప్పు రిలే ఆన్ అయింది. ఎలా? ఆ అప్లికేషన్‌లో జీపీఐవో నంబరు రాసేశారు. ఆ నంబర్ల మొదలు ఎక్కడో నిర్ణయించేది ఏ జీపీఐవో చిప్పు ముందు రిజిస్టర్ అయిందో ఆ వరస. రెండు ఎక్స్‌పాండర్లు ఉండి వరస మారితే నంబర్లు మారతాయి. ఏరేటర్ అనుకున్నది మోటారు అవుతుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు. 2016లో 4.8 కెర్నెల్‌తో జీపీఐవోకు క్యారెక్టర్ డివైస్, అంటే అప్లికేషన్ పిన్నులను అడిగే కొత్త దారి, వచ్చింది. డివైస్ ట్రీలో ప్రతి లైనుకూ పేరు పెట్టండి, లిబ్‌జీపీఐవోడీ అనే లైబ్రరీ ద్వారా ఆ పేరుతో అడగండి. దయచేసి చెయ్యండి. కరెంటు మోటార్ల మీద, మనుషులు చేతులు పెట్టే చోట, ఇది ఐచ్ఛికం కాదు.

స్టోరేజీకీ అదే. 5.10 నుంచి ఎమ్‌ఎమ్‌సీ డ్రైవర్లు అసింక్రనస్‌గా ప్రోబ్ అవుతాయి. సున్నా నంబరు ఎస్‌డీ కార్డుకా, బోర్డు మీద ఉండే మెమరీ చిప్పు ఈఎమ్‌ఎమ్‌సీకా అన్నది బూట్ బూట్‌కూ మారొచ్చు. రూట్ ఫైల్‌సిస్టమ్ కోసం పార్ట్‌యూయూఐడీ, అంటే ఆ పార్టిషన్ సొంత గుర్తు, ఇవ్వండి, లేదా డివైస్ ట్రీలో నంబరును కట్టేసే ఏలియాస్ పెట్టండి. మోడెమ్‌కు ఎప్పుడూ ఒకే పేరు వచ్చేలా యూడెవ్ రూల్ రాయండి.

మరి మీ బోర్డులో ఇలాంటివి ఉన్నాయో లేవో ముందే తెలిసేదెలా? వరసను మీరే చెడగొట్టండి. డ్రైవర్లను మాడ్యూళ్ళుగా కట్టి తలకిందులుగా ఎక్కించండి. సిస్‌ఎఫ్‌ఎస్‌లో అన్‌బైండ్, బైండ్ చేసి చూడండి. బూట్‌లోడర్ కెర్నెల్‌కు ఇచ్చే బూట్ లైన్లో డ్రైవర్ అసింక్ ప్రోబ్ అని పెట్టి మీ డ్రైవర్ పేరు ఇవ్వండి. డీబగ్ టెస్ట్ డ్రైవర్ రిమూవ్ అని ఒక కాన్ఫిగ్ ఉంది, అది ప్రతి డ్రైవర్‌నూ ప్రోబ్ చేసి, తీసేసి, మళ్ళీ ప్రోబ్ చేస్తుంది. పరీక్ష బోర్డు మీద మాత్రమే వాడండి. ఇనిట్‌కాల్ డీబగ్ అని బూట్ లైన్లో పెడితే ఏ ఇనిట్‌కాల్ ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు పట్టింది అన్నీ రాస్తుంది. వెయ్యిసార్లు బాగా బూట్ అయిందంటే ఒకే వరస వెయ్యిసార్లు నడిచిందని కూడా కావచ్చు. వేరే వరసలు నడిపించి చూశారా అని అడగండి.

ప్రశ్నలు తీసుకుందాం. ...అవునండీ, మంచి ప్రశ్న. బూట్‌లోడర్ స్క్రీన్ మీద లోగో వేసింది, కెర్నెల్ వచ్చాక మధ్యలో స్క్రీన్ ఆరిపోతోంది అంటున్నారు. బూట్‌లోడర్ ఆన్ చేసిపెట్టిన క్లాకులు, రెగ్యులేటర్లు ఉంటాయి. వాటిని వాడేవాళ్ళు ఎవరూ కనబడకపోతే కెర్నెల్ వృథా అని ఆపేస్తుంది. మీ డిస్‌ప్లే డ్రైవర్ అప్పటికి రాలేదు, అందుకని ఆపేసింది. క్లాకులైతే క్లాక్ ఇగ్నోర్ అన్‌యూజ్డ్ అని బూట్ లైన్లో పెట్టి అదేనా అని తేల్చుకోవచ్చు, కానీ దాన్ని అలాగే ఉంచి కస్టమర్‌కు ఇవ్వకండి, కరెంటు ఖర్చు పెరుగుతుంది. సప్లయర్ డ్రైవర్‌లో సింక్ స్టేట్ అనే కాల్‌బ్యాక్ రాస్తే, తన కన్స్యూమర్లందరూ ప్రోబ్ అయ్యాకే దాన్ని పిలుస్తారు. ఆపేయడం అనే పని అందులో పెట్టాలి.

చివరగా ఆ అబ్బాయి. ...చిప్పు కంపెనీ ఇచ్చిన 5.4 కెర్నెల్ మీదే ఉన్నారు, మార్చే వీలు లేదు. చాలామంది పరిస్థితి ఇదే బాబూ. 5.4లో ఎఫ్‌డబ్ల్యూ డెవ్‌లింక్ లేదు, డెవ్ ఎర్ ప్రోబ్ లేదు. డివైసెస్ డిఫర్డ్ ఫైలు ఉంది కానీ పేరు చూపిస్తుంది, కారణం చూపదు. అయినా డిఫర్డ్ ప్రోబ్ మొత్తం ఉంది, డివైస్ లింక్స్ ఉన్నాయి. ఈ వారం మీ డ్రైవర్లలో క్లాక్, రెగ్యులేటర్, జీపీఐవో అడిగే ప్రతి చోటా గ్రెప్ కొట్టి, 517ను ఎక్కడ మింగుతున్నారో వెతకండి. తరవాత మరీ ముఖ్యమైన ఒకటి రెండు చోట్ల డివైస్ లింక్ యాడ్‌ను చేత్తో పిలవండి. ఆ రెండూ అయ్యాక డివైస్ ట్రీ పట్టుకుని నా దగ్గరికి రండి, పక్క గదిలో బోర్డులు ఉన్నాయి, కలిసి చూద్దాం.